దిగువన ఎవరో ఉన్నారు

బెజవాడ కాలువ గట్ల వెంబడి నడిస్తే ఊరు తన గుట్టంతా తానే విప్పి చూపిస్తుంది

ఎండలు ముదిరాక ఏటా కాలువలు కట్టేస్తారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర తలుపులు దించిన కొద్ది రోజులకే నీళ్ళు లాగేసి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ అడుగులు బయటపడతాయి. మళ్ళీ సార్వాకి నీళ్ళు వదిలేదాకా అంతే. ఆ రోజుల్లో గట్టు మీద నిలబడి కిందికి చూస్తే, ఏడాది పొడుగునా బెజవాడ ఏం తిన్నదో, ఏం తాగిందో, ఏ దేవుణ్ణి కొలిచిందో, ఏ నాయకుడి పుట్టినరోజు చేసిందో చెప్పేయొచ్చు. కొబ్బరి బోండాలు, బిర్యానీ పొట్లాల వెండి రేకులు, థర్మోకోల్ ముక్కలు, పొట్ట చిరిగి దూది బయటికొచ్చిన పరుపు, ఫ్లెక్సీ మీద సగం మిగిలిన నవ్వు మొహం, వినాయకుడి లోపలి ఎండుగడ్డి, ఇనప చువ్వలు, ఒంటి చెప్పులు. ఒంటి చెప్పులు అన్నేసి ఎందుకుంటాయో నాకిప్పటికీ అంతుపట్టదు. రెండోది ఎక్కడికి పోతుంది?

ఊరు చూడాలంటే కొండెక్కమంటారు బెజవాడ వాళ్ళు. గాంధీ కొండ ఉంది, ఇంద్రకీలాద్రి ఉంది. పైనుంచి చూస్తే కృష్ణ, బ్యారేజీ దీపాలు, రైలు పట్టాలు, మూడు పాయలుగా విడిపోయిన కాలువలు అన్నీ ముద్దుగానే ఉంటాయి. అంత ఎత్తుకి వాసన రాదు. నన్నడిగితే గట్టెక్కమంటాను. తెల్లారకుండా బయల్దేరి, ఎనిమిదిలోపు ఏదో ఒక టిఫిన్ బండి దగ్గర తేలాలి. ఆ తర్వాత బెజవాడ ఎండ ఎవరినీ నడవనివ్వదు.

నిజానికి ఇవి బెజవాడ కోసం తవ్విన కాలువలు కావు. ఆర్థర్ కాటన్ ఆలోచన మీద కెప్టెన్ చార్లెస్ ఓర్ 1852లో కృష్ణ మీద ఆనకట్ట పని మొదలుపెట్టి 1855కి పూర్తిచేశాడు. అటూ ఇటూ కాలువలు తీసి డెల్టాకి నీళ్ళు పంపారు. 1952లో ఆనకట్టకి గండి పడ్డాక బ్యారేజీ కట్టి 1957లో తెరిచారు, ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇవాళ రెండు పక్కలా కలిపి దాదాపు 13 లక్షల ఎకరాలు ఆ నీటినే నమ్ముకున్నాయి. 1888లో మునిసిపాలిటీ, 1981లో కార్పొరేషన్ అయిన మన ఊరు సరిగ్గా ఆ కాలువల మొదట్లో, ఇంకే ఊరూ చెయ్యి పెట్టకముందే, వాటి పక్కన పెరిగింది. పెళ్ళి పంక్తిలో మొదటి విస్తరి మనది. మొదటివాడు చెయ్యి కడిగిన నీళ్ళు రెండోవాడి విస్తట్లోకి పోతే పక్కవాళ్ళు ఊరుకుంటారా?

కాలువల్లో ఊరుకుంటున్నారు. కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకోమని డెల్టా ఊళ్ళకి కబురు వెళ్తుంది. ఆ చెరువు నీళ్ళే వాళ్ళకి ఎండాకాలం మంచినీళ్ళు. బందరు పట్టణానికి తరకటూరు దగ్గర నిల్వ చెరువుంది. వడపోసి, మందు కలిపే తాగుతారు, కాదనను. మనం మాత్రం తాగే నీళ్ళలో ఎక్కువ భాగం బ్యారేజీకి ఎగువ నుంచే తోడుకుంటాం. ఎగువ నీళ్ళు మన కుళాయికి, మన కవర్లు దిగువ వాళ్ళ చెరువుకి. పౌర బాధ్యత గురించి స్కూలు పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది గానీ, ఈ ఒక్క సంగతి ఏ పిల్లవాడికీ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

రోడ్డు దాటితే కదా

కాలువ దాకా పోవాలంటే ముందు రోడ్డు దాటాలి. బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ పేరు పెట్టుకున్నాం. నడకకి పేరుపడ్డ మనిషి పేరున్న రోడ్డు మీద నడవడం ఎంత కష్టమో సాయంత్రం ఆరున్నరకి బెంజి సర్కిల్ దగ్గర దాటి చూడండి. పచ్చ లైటు మనకి పడుతుంది. అదే క్షణంలో ఎడమకు తిరిగే బళ్ళన్నిటికీ కూడా పడుతుంది. ఎవరి ధైర్యం వాళ్ళది.

కాలిబాట అసలే లేదనను. ఉన్నచోట పలకలు పరిచి రంగులేసి బాగానే కట్టారు. పది అడుగులు నడిచేసరికి ట్రాన్స్‌ఫార్మర్ వస్తుంది. దిగాలి. మళ్ళీ ఎక్కితే బట్టల షాపు వాళ్ళు మెట్లు ముందుకు జరిపేసి ఉంటారు. దిగాలి. తర్వాత వరసగా నిలబెట్టిన మోటారు సైకిళ్ళు, ఆ తర్వాత మూత లేచిపోయిన డ్రైను. దిగటం ఎక్కటమే తప్ప నడక ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న మా పక్కింటి పిన్నిగారు అసలు కాలిబాట జోలికే పోరు. "ఎక్కి దిగే ఓపిక నాకు లేదు నాయనా, రోడ్డు మీదే ఓ పక్కగా పోతాను" అంటారు. కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలని, దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు రాసిపెట్టింది. పిన్నిగారు ఆ పుస్తకం చూడలేదు గానీ ఆవిడ మోకాళ్ళు అడిగేదీ అదే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1.68 లక్షల మందికి పైగా చనిపోయారు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్తున్న మనిషి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని కాలిబాట మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. తీర్పు వచ్చింది సంతోషం. మెట్లు వెనక్కి జరగాలి.

ఇక్కడో మాట. కాలిబాట అనగానే అందరి వేలూ తోపుడు బండి మీదికి పోతుంది. జామకాయలమ్మేవాణ్ణి, పూలమ్మేవాళ్ళని తరిమేస్తే ఊరు బాగుపడుతుందని కార్లో కూర్చున్న పెద్దమనిషి అంటాడు. నేను ఒప్పుకోను. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వాళ్ళే ఉండాలని అందులో ఉంది. బీసెంట్ రోడ్డులో సాయంత్రం పూట బండ్లు లేకపోతే అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు సగానికి పడిపోతారు. బండివాడు రాత్రికి బండి తోసుకుని ఇంటికి పోతాడు. సిమెంటు మెట్లు ఎక్కడికీ పోవు. రాత్రంతా కాలిబాట మీద పడుకునే కారూ పోదు. అయినా తిట్లు బండివాడికే.

రెండు ముళ్ళ కవరు

ఏలూరు రోడ్డు మీద లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు తెరవడానికి ఇంకా చాలా పొద్దుంది. అలంకార్ సెంటర్లో ధర్నాలు చేసేవాళ్ళు కూడా ఇంకా లేవలేదు. కాలువ వంతెన మీదికి ఒకాయన స్కూటరు మీద వచ్చాడు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ముందు కొక్కేనికి నల్ల కవరు వేలాడుతోంది. స్కూటరు స్టాండు వేసి, కవరు తీసి, రెండు చేతుల్తో కళ్ళకద్దుకున్నాడు. చెప్పులు కూడా విడిచాడు. తర్వాత వంతెనకి బిగించిన ఇనప జాలీ మీంచి ఒక్క విసురు విసిరాడు. కవరు నీళ్ళలో పడి కాసేపు తేలి, గాలి పోయాక ఒక పక్కకి ఒరిగింది. ఆయన మళ్ళీ దణ్ణం పెట్టుకుని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

లోపలేముంటాయో తెలిసిందే. నిన్నటి పువ్వులు, పత్రి, అక్షింతలు, కాలిన వత్తులు. తొక్కకూడని వస్తువులు, పారే నీళ్ళలోనే కలపాలి. పెద్దవాళ్ళు చెప్పింది నిజమే. పెద్దవాళ్ళ రోజుల్లో కవరు లేదు. పువ్వు నీళ్ళలో కలిసిపోయేది. ఇప్పుడు కలవకుండా ఆ కవరే పట్టుకుని కూర్చుంటోంది. ఆ మనిషిని అశ్రద్ధగలవాడని అనలేం. చెప్పులు విడిచి మరీ విసిరాడు. ఆయన శ్రద్ధంతా కవరు చేతిలోంచి జారేదాకా ఉంది, ఆ తర్వాత లేదు. మన సమస్యంతా ఆ జాలీకి అవతల ఉంది.

గట్టు మీద చెత్త ఎత్తే ఒకావిడ ఇదంతా చూస్తూనే ఉంది. ఒక పక్క గుర్రపు డెక్క లాగి పోగేశారు, దాని మీద కూర్చుని టీ తాగుతోంది. "రోజూ ఇంతేనా అమ్మా?" అని అడిగాను.

"శుక్రవారం, శనివారం ఎక్కువండి. పండగ మర్నాడు చెప్పక్కర్లేదు." కప్పు పక్కన పెట్టి ఒక కవరు తీసి చూపించింది. "ఈ ముడి చూశారా? రెండు ముళ్ళేస్తారు, గట్టిగా. విప్పాలంటే గోళ్ళు పోతాయి. తడీ పొడీ ఏరి పెట్టమంటారు మా సార్లు. ముడి వేసినోళ్ళు ఇంట్లోనే ఏరితే నాకు పనేముందండి?"

"మీరు ఎవరినన్నా అడిగారా?"

"అడిగితే ఏమంటారండి, నీకు జీతం ఇస్తన్నారుగా అంటారు. వాళ్ళేం చెడ్డోళ్ళు కాదులెండి. వాళ్ళ గుమ్మాలు చూడండి, కళ్ళాపి జల్లి ముగ్గేసి అద్దంలా ఉంటాయి. ముగ్గు అయిపోయిన కాడి నించి మాదన్నమాట."

తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంట్లోనే విడదీసి ఇవ్వాలని 2016 నాటి నియమాల్లోనే రాశారు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2021లో పెద్ద నగరాల్లో మనకి దేశంలో మూడో స్థానం వచ్చింది, ఇండోర్, సూరత్ తర్వాత. అది చిన్న సంగతేం కాదు. ఈవిడలాంటి వాళ్ళ గోళ్ళు చాలా ఉన్నాయి అందులో. అదే 2021లో రాష్ట్రంలో చెత్త సేకరణకి ఇంటింటికీ రుసుము పెట్టారు. జనం చెత్త పన్నన్నారు, మండిపడ్డారు, ప్రభుత్వం మారాక 2024 చివరికి అది పోయింది. పన్ను ఉండాలా వద్దా అని రెండు పార్టీల వాళ్ళూ టీవీల్లో గొంతు చించుకున్నారు. ఆ మూడేళ్ళలో ముడి విప్పడం గురించి ఎవరన్నా మాట్లాడితే నేను వినలేదు.

ఇక కాలువ ఎవరిదన్న సంగతి. నీళ్ళు జలవనరుల శాఖవి. నీళ్ళ మీద తేలేది కార్పొరేషన్‌ది. గట్టు మీద గుడిసె వేస్తే రెవెన్యూ వాళ్ళు రావాలి. పక్కన రోడ్డు ఇంకొకరిది, మీద పోయే రైలు వంతెన రైల్వేది. ఏ ఒక్క శాఖనో తిట్టి లాభం లేదు, ఎవరి గీత వాళ్ళు సరిగ్గానే గీసుకున్నారు. ఆ గీతలన్నీ దాటి నడిచేది గట్టు మీద పోయే మనిషే. 2019 అక్టోబరులో వీధి చివర వార్డు సచివాలయం వచ్చింది, అందులో పారిశుద్ధ్యం కోసమే ఒక కార్యదర్శిని పెట్టారు. కులధ్రువీకరణకీ పింఛనుకీ వెళ్ళినవాళ్ళం, ఆ కార్యదర్శి కుర్చీ ముందు ఎప్పుడన్నా నిలబడ్డామా? నిలబడితే పని ఇట్టే అవుతుందని చెప్పను. మూడుసార్లు తిప్పుతారు. కానీ రోజూ ఒకే గట్టు మీద నడిచే నలుగురు కలిసి, ఫలానా తూము దగ్గర ఫలానా మూత లేదని చెబితే ఆ మాటకి బరువుంటుంది. కారులో పోయేవాడికి తూము ఎక్కడుందో తెలియదు కాబట్టి చెప్పలేడు.

ఆదివారం వచ్చిన బుడమేరు

దిగువ వాళ్ళకి మనం పంపేదాని గురించి ఇంతసేపు చెప్పాను. ఎగువ నుంచి మనకేం వస్తుందో 2024 సెప్టెంబరు 1న చూశాం. అది ఆదివారం.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ ఉత్తరపు అంచు తాకుతూ కొల్లేరు చేరే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదని డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్ళించే ఏర్పాటు ఉంది. ఆ ఆగస్టు చివర రెండు రోజులు కురిసిన వాన అలా ఇలా లేదు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది. డైవర్షన్ ఛానల్ పట్టగలిగినదాన్ని మించి నీరొచ్చింది, కవులూరు దగ్గర గట్టుకి మూడు గండ్లు పడ్డాయి. కృష్ణలోకి పంపుదామంటే అక్కడా చోటు లేదు. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది ఆ రోజుల్లోనే, బ్యారేజీ కట్టినప్పటి నుంచీ అదే ఎక్కువ. కొట్టుకొచ్చిన పడవలు గేట్లని గుద్దుకున్నాయి. కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు మాత్రం ఏ గోడా లేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తియ్యలేదు.

ఆ వారంలో బెజవాడ అంతా నడిచింది. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా బళ్ళు, అక్కడి నుంచి నడుం లోతు నీళ్ళు. నెత్తిన పాల డబ్బాలు, భుజాన పసిపిల్లలు, చేతుల్లో మందుల సంచులు. అదే ఫ్లైఓవర్ మీద ఊరు మొత్తం నిలబడి, అవతల ఒక పెద్ద ఊరుందని కొత్తగా చూసినట్టు చూసింది. బెంజి సర్కిల్ అవతల పుట్టి పెరిగి, అంతవరకూ సింగ్ నగర్ వీధుల్లో అడుగు పెట్టనివాళ్ళు బోలెడు మంది అన్నం పొట్లాలు పట్టుకుని వచ్చారు. ఆ పొట్లాల్ని తక్కువ చెయ్యను. చాలా కడుపులు నిండాయి.

నీళ్ళు తీశాక అసలు ప్రశ్న మిగిలింది. బుడమేరు నగరంలోకి వచ్చేసరికి ఎందుకు అంత సన్నబడింది? మధురానగర్, గుణదల వైపు దాని వెంట నడిస్తే జవాబు కళ్ళముందే ఉంటుంది. పూడిక, గుర్రపు డెక్క, ఇంటి వెనక గోడ నేరుగా వాగులోకి దిగిన చోట్లు, మట్టి పోసి చదును చేసిన చోట్లు. కొన్ని పేదవాళ్ళ రేకుల ఇళ్ళు, కొన్ని మేడలు. ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు అని ప్రకటించింది, గట్లు గట్టి చేస్తామంది, వెడల్పు చేస్తామంది. 2005లో కూడా బుడమేరు ఊరిని ముంచింది, అప్పుడూ చాలా అన్నారు. ఇటుకలు పేర్చి ఒక అడుగు వాగులోకి జరిగేటప్పుడు పక్కింటివాళ్ళు చూస్తారు, వీధంతా చూస్తుంది. మనదాకా వస్తే చూద్దాంలే అనుకుంటుంది. వచ్చింది.

గుణదల దగ్గర ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బుడమేరు దగ్గర దగ్గరగా పోతాయి. ఇంకాస్త ముందుకెళ్తే ఎనికేపాడు దగ్గర బుడమేరు, కాలువ అడుగు నుంచి అండర్ టన్నెల్‌లో దూరి అవతలికి పోతుంది. పైన పంట నీరు, కింద వాన నీరు, ఒకదానికొకటి తగలకుండా దాటించారు ఇంజనీర్లు. చూడముచ్చటైన పని. హైవే మీద గన్నవరం ఎయిర్‌పోర్టుకి పోయేవాళ్ళు రోజుకి ఎన్ని వేలమందో, కిటికీలోంచి తల తిప్పితే ఇలాంటిదొకటి ఇక్కడుందని తెలిసినవాళ్ళు ఎంతమందో.

భవానీలకి దారి

ఈ ఊరికి నడిచేవాళ్ళని గౌరవించడం రాదని అనలేను. దసరా నవరాత్రుల్లో చూడండి. దీక్షల విరమణకి భవానీలు వచ్చేటప్పుడు చూడండి. ఎర్ర బట్టలు, నెత్తిన ఇరుముడి, ఒట్టి కాళ్ళు. కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ దారంతా పంపులు పెడతారు, కాళ్ళు కాలకుండా రోడ్డు మీద నీళ్ళు కొడతారు, పట్టా పరుస్తారు, మజ్జిగ పోస్తారు. పోలీసులు బళ్ళని ఆపేస్తారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలప్పుడు కూడా అంతే, ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చేవాళ్ళకి ఊరు దారిస్తుంది. 2016 కృష్ణా పుష్కరాలకి ఘాట్లన్నీ కొత్తగా కట్టి, లక్షలమందిని తోపులాట లేకుండా నడిపించిన ఊరిది. మళ్ళీ పుష్కరాలు 2028లో.

అంటే చేతకాక కాదు. మొక్కు తీర్చుకోవడానికి నడిచే మనిషి మనకి కనపడతాడు. బస్టాండు నుంచి కూలికి నడిచే మనిషి, పాచిపనికి నాలుగు ఇళ్ళు తిరిగే మనిషి, ట్యూషన్‌కి పోయే పిల్ల కనపడరు. వాళ్ళకీ కాళ్ళు కాలతాయి. పండగకి వేసిన పందిరి మిగతా రోజుల్లో బస్టాపుకి వేస్తే ఎంత ఖర్చు?

మళ్ళీ కాలువ దగ్గరికి వస్తే, ఏలూరు కాలువ మీద పడవలు తిరిగిన రోజులు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. పడవల రేవు అన్న పేరు సిటీ బస్సు బోర్డు మీద ఇప్పటికీ ఉంది. కృష్ణ అవతల గట్టున, పెదపులివర్రులో పాతూరి నాగభూషణంగారు 1935లో పడవలో గ్రంథాలయం పెట్టి, కాలువ వెంట ఊరూరా పుస్తకాలు పంచారు. రేవులో పడవ ఆగితే జనం వచ్చి పుస్తకం తీసుకునేవాళ్ళు, మళ్ళీ పడవ వచ్చినప్పుడు తిరిగిచ్చేవాళ్ళు. దానికి ఇరవయ్యేళ్ళ ముందే, 1914 ఏప్రిల్లో, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలో. అయ్యంకి వెంకట రమణయ్యగారి వంటి వాళ్ళు ప్రభుత్వం కోసం కాచుకు కూర్చోకుండా ఊరూరా చదువుకునే గదులు తెరిపించారు. వాళ్ళు పౌర బాధ్యత అన్న పెద్ద మాట వాడారో లేదో గానీ, కాలువలో దిగువకి ఏం పంపాలో ఆలోచించినవాళ్ళు.

తూము దగ్గర జాలీ

గట్టు వెంట నడిచి నడిచి, దిగువన ఏముందో కూడా చూద్దామని ఒకసారి బందరు కాలువ కిందున్న ఒక ఊరికి వెళ్ళాను. ఊరి పేరు అక్కర్లేదు, అలాంటివి పదులున్నాయి. మంచినీళ్ళ చెరువు చుట్టూ కంచె, గట్టున రావిచెట్టు, పక్కన ఫిల్టరు గది. కాలువ నుంచి చెరువులోకి నీళ్ళొచ్చే తూముకి ఇనప జాలీ బిగించారు. పంచాయతీ తరఫున చెరువు కనిపెట్టుకుని ఉండే పెద్దాయన ఒకరు వెదురుగడకి కొడవలి కట్టుకుని ఆ జాలీకి పట్టినవి లాగుతున్నారు.

"ఎక్కడి నుంచండీ తమరు?"

"బెజవాడ, బాబాయిగారూ."

"ఓహో, పై వాళ్ళన్నమాట." నవ్వారు. గడ పక్కన పెట్టారు. "మీ ఊళ్ళో ఏం జరుగుతుందో మాకు పేపరు చూడక్కర్లేదండి. వినాయక చవితి అయిందనుకోండి, ఇదిగో ఈ జాలీకి పత్రి, రంగు గుడ్డలు. దసరాకి బంతిపూలు, కొబ్బరి చిప్పలు. ఎలచ్చన్లొస్తే జెండాలు. మొన్నామధ్య క్రికెట్ మ్యాచి గెలిచినట్టున్నారు, బాణాసంచా అట్టపెట్టెలు తెగ వచ్చాయి."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పాలండి? మా సర్పంచిగారు వెళ్ళారు ఓసారి. ఆ కాలువ మాది కాదన్నారంట. ఇంకో ఆఫీసుకి వెళ్తే, చెత్త మాది కాదన్నారంట." మళ్ళీ గడ అందుకున్నారు. జాలీకి చుట్టుకున్న నల్ల కవరొకటి కొడవలి మొనకి తగిలించి పైకి లాగి గట్టు మీద పడేశారు. దానికి రెండు ముళ్ళున్నాయి. విప్పే ప్రయత్నమేం చెయ్యలేదాయన, కొడవలితో పొట్ట చీల్చేసి లోపలివి పక్కనున్న గోతిలోకి దులిపారు. కవరు మాత్రం విడిగా, గోనెసంచిలో వేశారు.

"ఆ సంచి ఏం చేస్తారు?"

"నిండితే ఆటోలో వేసి పంపిస్తామండి, పాత సామాన్లవాడికి. ఎక్కడికంటారా?" గడ చివర్ని ఎగువ వైపు చూపించారు. "మీ ఊరికే. ఇలా మామూలు రోజు వస్తే ఏం కనపడదు గానీ, ఈసారి నీళ్ళు వదిలిన మొదటి రోజు రండి. ఓ పూట నాతో జాలీ దగ్గర నిలబడుదురుగాని. ఇంకో గడ ఉంది."